చీకటమ్మ మీద మూడు బాణాలు

చీకటమ్మకు అన్నిటికంటే ఎక్కువ భయం నొప్పంటే కాదు. నొప్పితో ఆమెకు పదమూడో ఏట నుంచి పరిచయం. ఆమె భయమల్లా ఒక్కటే. మూడున్నరకు బడి గేటు మూసేస్తారు. ఆ వేళకు తాను ఏ బాత్రూం గచ్చు మీదో కళ్ళు మూసుకుని పడి ఉంటే, నాలుగున్నరేళ్ళ కూతురు గువ్వ సంచి తగిలించుకుని గేటు బయట ఒక్కతే నిలబడి ఉంటుంది. ఇదివరకు ఒకసారి అలాగే అయింది. నలభై నిమిషాలు. ఆ రోజు గువ్వ ఏడవలేదట. దారిన పోయేవాళ్ళందరినీ ఆపి, "మా అమ్మ వస్తోంది" అని చెప్పిందట, వాళ్ళెవరూ అడగకపోయినా.

ఇది ఆమె సొంత గొడవ. లోకానికి పనికొచ్చే విషయానికి వద్దాం.

నాగరికత ఎంతవరకు వచ్చిందో కొలవాలంటే ఒకటే కొలబద్ద: ఫలానా చోట మనిషికి నొప్పి రావాలంటే ఎవరి సంతకం కావాలి? అడవుల్లో తిరిగిన కాలంలో నొప్పి దానంతటదే వచ్చేది. ఎవరికి పడితే వారికి, ఎప్పుడు పడితే అప్పుడు, దరఖాస్తు అన్నది లేకుండా. ఆ అరాచకం నుంచి మనల్ని గట్టెక్కించినవారిలో చీకటమ్మ పనిచేసే చొక్కాల కంపెనీ ముందు వరసలో ఉంటుంది.

ఆ కంపెనీలో నాలుగు వందల మంది ఆడవాళ్ళు మగవాళ్ళ చొక్కాలు కుడతారు. చీకటమ్మది చెకింగు పని, మూడింటిదాకా షిఫ్టు. ఆరు తెల్లటి ట్యూబులైట్ల కింద, తొమ్మిదో బల్ల దగ్గర నిలబడి, నిమిషానికి ఒకటి చొప్పున చొక్కాను తిప్పి తిప్పి చూడాలి. కుట్టు తప్పినా, పోగు లేచినా, సూదంత నూనె మరక ఉన్నా అక్కడ ఒక చిన్న ఎర్రబాణం స్టిక్కరు అంటించాలి. బాణం పడ్డ చొక్కా నేరుగా ఆల్టరు బుట్టలోకి పోతుంది, అంటే మరమ్మతుకు. కంపెనీలో ప్రతి గుమ్మం పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: 'బాణం ఉన్నది గుమ్మం దాటదు. ఒక బాణం కనిపిస్తే మొత్తం తిప్పి చూడవలెను.' కంపెనీలో అందరూ నమ్మే మాటలు ఈ రెండే.

ఆమెకు చీకటమ్మ అన్న పేరు తోటివాళ్ళు పెట్టిందే. తల్లో నొప్పి మొదలైతే ట్యూబులైటు ఒక్కొక్కటీ కంట్లో గుచ్చిన సూదిలా ఉంటుంది కాబట్టి, "ఆ ఒక్క లైటు ఆర్పుతారా అక్కా" అని అడుగుతూ ఉండేది. అడిగినప్పుడు లైటు ఆరలేదు గాని పేరు మాత్రం వచ్చింది.

ఆమెకు ఉన్నవి రెండు జబ్బులు. ఒకటి మైగ్రేను, తలలో సగభాగాన్ని అద్దెకు తీసుకుని, మిగతా సగాన్ని కూడా నిద్రపోనివ్వదు. రెండోది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా దొరికిన చోటల్లా ఇల్లు కట్టుకుని, నెలనెలా అక్కడ కూడా పండగ చేసుకుంటుంది. (అనుమతి లేని కట్టడమే. అయినా కూల్చడానికి ఎవరూ తొందరపడరు.)

రెండోదాని పేరు తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది. పద్నాలుగో ఏట చూసినవాళ్ళు, "కొత్తల్లో అంతేనమ్మా, పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్నారు. పెళ్ళయింది. "కాన్పయితే పోతుంది" అన్నారు. కాన్పయింది, గువ్వ వచ్చింది, నొప్పి ఎక్కడికీ పోలేదు. "రెండో కాన్పుకి చూద్దాం" అన్నారు. ఈ వైద్య విధానాన్ని వాయిదా చికిత్స అంటారు. (అనరు. చేస్తారు.) చివరికి ఒక లేడీ డాక్టరు మాత్రం కుర్చీ దగ్గరకు లాక్కుని, పది నిమిషాలు విని, స్కాను తీయించి, ఆ పేరు కాగితం మీద రాసిచ్చింది. చీకటమ్మ దాన్ని మూడుసార్లు చదువుకుంది. ఆమె చదువు పదో తరగతిలోనే ఆగిపోయింది. నెలకు ఐదారు రోజులు రాలేక హాజరు చాలలేదు. కారణం రాయాల్సిన గడిలో టీచరుగారు 'ఆసక్తి లేదు' అని రాశారు. కాబట్టి తన గురించి ఒక కాగితం మీద నిజం రాసి ఉండటం ఆమెకు కొత్త.

కంపెనీలో నొప్పిని 'ఓర్పు' అనే యాప్ ద్వారా నమోదు చేసుకోవాలి. తెరవగానే తెర వెలుతురు దానంతటదే పూర్తిగా పెరుగుతుంది, దరఖాస్తుదారు మెలకువగా ఉన్నట్టు రుజువు కోసం. సున్నా నుంచి పది దాకా అంకెలుంటాయి. ఎనిమిది నొక్కితే, 'ఎనిమిది నొక్కగలిగినవారికి నొప్పి ఆరుకు మించి ఉండదు' అని అదే ఆరు చేసుకుంటుంది. నొప్పి రాబోతున్నట్టు నలభై ఎనిమిది గంటల ముందు తెలపాలి. ఒకరికి ఒక నొప్పే. రెండున్నవారు రెండోదానికి వేరే ఫారం నింపాలి. రెండూ ఒకే రోజు వస్తే ముందు వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. సెలవు రోజుల్లో వచ్చే నొప్పి సొంత ఖాతాలోది.

ఇవన్నీ దాటితే దొరికేది నొప్పి కార్డు. అది ఉన్నవారి నెత్తిమీద లైటు ఆర్పుతారు, నొప్పి రాగానే ఇంటికి పంపుతారు. అది లేకుండా మధ్యలో వెళ్ళిపోతే 'పారిపోయినట్టు' రాస్తారు. మూడుసార్లు పారిపోతే పేరు కొట్టేస్తారు. చీకటమ్మ ఇప్పటికి రెండుసార్లు పారిపోయింది, రెండుసార్లూ బాత్రూం దాకానే చేరింది.

మూడు నెలలు ఎదురుచూశాక ఆమెకు పిలుపు వచ్చింది: 'మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నొప్పి నిర్ధారణ విభాగంలో నొప్పితో సహా హాజరు కాగలరు.'

ఆ 'నొప్పితో సహా' దగ్గరే వచ్చింది చిక్కు.

వారం ముందు నుంచే ఇంట్లో సన్నాహాలు మొదలయ్యాయి. ఇన్నేళ్ళూ నొప్పిని పోగొట్టడానికి కషాయాలు కాచిన అత్తగారు ఇప్పుడు దాన్ని రప్పించే పనిలో పడింది.

"తలలో ఏమన్నా కదుల్తోందా?"

"లేదత్తయ్యా."

"పొట్టలో?"

"అదీ లేదు."

"చూడు మరి దాని పొగరు! పిలవని పేరంటానికి పరిగెత్తుకొచ్చేది, తీరా పిలిస్తే బెట్టు చేస్తోంది. పొద్దున తినకుండా ఉండి చూడు. తినకపోతే వస్తుందన్నావుగా."

భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. పొద్దున ఆరింటికి పోతే రాత్రికి గాని రాడు. తనవంతు సాయంగా, బయల్దేరబోయే ముందు వ్యాను లైట్లు భార్య కళ్ళలోకి రెండుసార్లు వేసి చూశాడు, ప్రేమతోనే.

"ఏమన్నా అనిపిస్తోందా?"

"మీకు ఆలస్యమవుతోందనిపిస్తోంది. బయల్దేరండి."

నొప్పి ఆదివారం నాడు వచ్చింది. సెలవు రోజు చూసుకుని, ముందుగా చెప్పాపెట్టకుండా, రెండూ చెట్టపట్టాలేసుకుని వచ్చాయి. చీకటమ్మ కిటికీకి దుప్పటి కట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. కాసేపటికి తలుపు సందులోంచి గువ్వ వచ్చింది. దాని చేతిలో అయిపోవచ్చిన బాణాల చుట్ట ఉంది. చివర్లో మిగిలే పాతిక ముప్పై బాణాలు ఎటూ పారేసేవే కాబట్టి చీకటమ్మ ఇంటికి తెచ్చి దానికి ఆడుకోవడానికి ఇస్తుంది. ఇంట్లో చెంబుకీ కుర్చీకీ నాయనమ్మ మోకాలికీ అప్పటికే బాణాలున్నాయి.

"అమ్మా, చెకింగు చేస్తా."

"చెయ్యి. మాట్లాడకుండా చెయ్యి."

చిన్న వేలు మెడ వెనక ఆనింది. "ఇక్కడా?"

"ఊఁ."

నడుం మీదకు జరిగింది. "ఇక్కడ?"

"ఊఁ. మెల్లగా."

బొడ్డు కింద, ఎడమవైపు. "ఇక్కడ?"

చీకటమ్మ పళ్ళు బిగించింది. గువ్వ వేలు చప్పున తీసేసి, కాసేపు ఊపిరి బిగపట్టి, "అయితే అమ్మ పాస్ కాదు" అని తీర్పు చెప్పింది. పదమూడేళ్ళలో ఆమెను ఇంత నెమ్మదిగా, అడిగి అడిగి పరీక్షించినవాళ్ళలో ఆ లేడీ డాక్టరు తర్వాత ఇది రెండో మనిషి.

సోమవారం సాయంత్రానికి రెండూ వెళ్ళిపోయాయి. మంగళవారం పొద్దున చీకటమ్మ లేచేసరికి ఒళ్ళు దూదిపింజలా ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమైందే?" అంటూ అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమీ కాలేదత్తయ్యా. చాలా బాగుంది."

"అయ్యో, అయ్యో!" అని అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది.

గువ్వకు బూట్లు తొడగడానికి వంగినప్పుడు, దాన్ని చంకనెత్తుకుని బడిదాకా నడిచినప్పుడు వెనకా ముందూ ఏవో చిన్న చిన్న తట్టుళ్ళు తగిలాయి. పిల్ల ఆడుకుంటోందనుకుంది. ఆమె మనసంతా పదకొండు గంటల మీదే ఉంది.

నొప్పి నిర్ధారణ అధికారిగారు అంతకుముందు బొత్తాల విభాగం చూసేవారు. బొత్తాం గట్టిగా ఉందో లేదో లాగి చూసి చెప్పగలరు. నొప్పిని లాగి చూసే వీలు లేకపోవడం ఆయన్ను మొదటి నుంచీ బాధిస్తూనే ఉంది. నియమం ప్రకారం సాక్షిగా లైను సూపర్‌వైజరు కూడా రావాలి. ఆవిడను అందరూ లైనమ్మ అంటారు. నలభై ఐదేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఒక్క సెలవు లేదు. నెలలో రెండు మూడు రోజులు మాత్రం ఏదో ఒకదాని అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడుతుంది. "నిలబడితే లోపం బాగా కనిపిస్తుంది" అంటుంది. ఆ రోజు కూడా కూర్చోమంటే కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

అధికారిగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"నొప్పి తెచ్చారామ్మా?"

"ఆదివారం వచ్చి నిన్న వెళ్ళిపోయిందండి."

"ఇవాళ మంగళవారం కదా."

"నేనూ ఉండమనే అన్నానండి. వినలేదు."

"పోనీ, వచ్చినప్పుడు ఎలా ఉంటారో కొంచెం చేసి చూపిస్తారా?"

చీకటమ్మ నిజంగానే ప్రయత్నించింది. కనుబొమలు ముడిచింది. కుదరలేదు. "నాకు చేతకాదండి. వచ్చినప్పుడు రానట్టు నటించడమే అలవాటు."

అధికారిగారు ఫారంలో రాసుకున్నారు: 'నటనను ఒప్పుకున్నారు.'

ఆమె స్కాను కాగితం తీసిచ్చింది. ఆయన దాన్ని లైటుకు ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. "ఇందులో మీ ముఖం లేదే. ఇది మీరేనని ఎలా తెలుస్తుంది?"

"అది పొట్టండి."

"పోలికలు అందడం లేదు. సరే, ఈ బొమ్మ మీద నొప్పి ఎక్కడో గుర్తు పెట్టండి."

ఆయన ముందుకు తోసిన కాగితం మీద ఉన్నది చొక్కా బొమ్మ. కంపెనీలో అచ్చు వేయించిన బొమ్మ అదొక్కటే కాబట్టి అన్ని విభాగాలూ దాన్నే వాడతాయి.

"ఇందులో తల లేదండి."

"కాలరు పైన మన బాధ్యత లేదమ్మా."

"పొత్తికడుపు కూడా లేదు."

"అంచు దాటాక మన దగ్గర కొలతల్లేవు. చేతుల మీద గాని జేబు దగ్గర గాని ఏమన్నా ఉందేమో గుర్తు చేసుకోండి." ఆయన గొంతులో నిజమైన ఆశ ఉంది. ఆయన చెడ్డవాడు కాడు. మంచి చేయమన్న నియమం ఆయన కంట ఎప్పుడూ పడలేదు, అంతే.

"జేబు దగ్గర ఏమీ లేదండి."

'నొప్పి హాజరు కాలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇకపై పారిపోయినచో పేరు తొలగించవలెను' అని రాసి ఆయన ముద్ర వేశారు. చీకటమ్మ కాగితాలన్నీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమెకు ముద్ర చప్పుడు వినిపించలేదు. బడి గేటు పడిన చప్పుడే వినిపించింది. "వస్తానండి" అని లేచి, గుమ్మం వైపు తిరిగింది.

"ఆగు!"

ఆ గొంతు లైనమ్మది. ఇరవై రెండేళ్ళుగా పరుగెత్తే లైను మొత్తాన్నీ ఒక్క మాటతో ఆపిన గొంతు. చీకటమ్మ కాలు గాల్లోనే ఆగింది.

"జడ పక్కకి తియ్యి."

మెడ వెనక, జడ కింద, ఎర్రగా ఒక బాణం. నడుం దగ్గర ఇంకొకటి.

"ఎవరంటించారు?"

చీకటమ్మ తడుముకుని నాలుక కరుచుకుంది. "మా పాప, మేడం. ఆటల్లో... ఉండండి, పీకేస్తా."

"చెయ్యి తియ్యి. అంటించిన బాణం పీకే హక్కు నీకెవరిచ్చారు? ఇన్నేళ్ళు నా దగ్గర నేర్చుకుంది ఇదేనా?"

అధికారిగారు నవ్వారు. "వదిలెయ్యండి మేడం, పిల్లల ఆట."

"సార్, బాణం ఉన్నది ఇరవై రెండేళ్ళలో ఒక్కటి గుమ్మం దాటలేదు. ఇవాళా దాటదు."

"ఆవిడేమన్నా చొక్కానా?"

"నియమంలో చొక్కా అని ఎక్కడుందండీ? 'బాణం ఉన్నది' అని ఉంది. మీరే చదవండి."

అధికారిగారు లేచి, గుమ్మం దాకా వెళ్ళి, తలెత్తి చదివారు. రెండోసారి కూడా చదివారు. ఆయన ముఖంలో, చీకటి గదిలో తలుపు గడియ చేతికి తగిలినవాడి వెలుగు కనిపించింది.

"ఉన్నది అనే ఉంది" అన్నారు మెల్లగా.

"ఒకటి కనిపిస్తే మొత్తం తిప్పి చూడాలని కూడా ఉంది" అంది లైనమ్మ. చీకటమ్మ భుజాలు పట్టుకుని ఇటు తిప్పి, ఏప్రాన్ అంచు కొంచెం ఎత్తింది. బొడ్డు కింద, ఎడమవైపు, మూడో బాణం. స్కాను కాగితంలో డాక్టరు చుట్టూ గీత గీసిన చోటే.

లైనమ్మ ఆ మూడో బాణం వైపు అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూసింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. అధికారిగారు ఆల్టరు రిజిస్టరు తెప్పించారు.

"చెకరు పేరు?"

"గువ్వండి."

"నంబరు?"

"దానికి నంబరు లేదండి, నాలుగున్నరేళ్ళు."

'నాలుగున్నర' అని రాసుకున్నారు. మూడో బాణానికి చోటు లేకపోతే, చొక్కా బొమ్మ అంచు కింద తన పెన్నుతో రెండంగుళాలు పొడిగించి అక్కడ గుర్తు పెట్టారు. కంపెనీ చరిత్రలో అంచు కింద గీత పడటం అదే మొదటిసారి.

నొప్పి కార్డు రాలేదు. అది తిరస్కరించడమైనది, ముద్ర కూడా పడింది. కాని చీకటమ్మ మణికట్టుకు పసుపుపచ్చ ఆల్టరు ట్యాగు కట్టారు. దాని మీద ఎప్పుడూ ఉండే మాటలే: 'సరిచేయు వరకు నేరుగా లైటు కింద ఉంచరాదు. బరువు వేయరాదు. అవసరమైనచో ఎప్పుడైనను లైను నుంచి తీసివేయవచ్చును. జాగ్రత్తగా పట్టుకొనవలెను.' మనిషిగా మూడు నెలల పాటు అడిగినవన్నీ చొక్కాగా పావుగంటలో దొరికాయి.

ఆ మధ్యాహ్నం తొమ్మిదో బల్ల మీద లైటు ఆరింది.

రెండు వారాల తర్వాత ఒక గురువారం, ఒంటిగంట దాటాక, ఆమె ఎడమ కంటి మూల వెలుగు మెలికలు తిరగడం మొదలైంది. ఆమె చెయ్యెత్తి ట్యాగు చూపించింది. ఎవరూ ఏమీ అడగలేదు. చొక్కాను ఎవరూ ప్రశ్నలడగరు. ఇంటికి వెళ్ళి మాత్ర వేసుకుని, దుప్పటి కట్టిన గదిలో పడుకుంది. మూడు కొట్టగానే అత్తగారు మెల్లగా లేపింది. "లేవగలవా, నన్ను వెళ్ళమంటావా?" అని అడిగింది, మోకాలి మీద బాణం ఇంకా అలాగే ఉండగా. "ఇద్దరం వెళ్దాం" అంది చీకటమ్మ. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, అత్తగారి భుజం పట్టుకుని, మూడూ ఇరవై ఐదుకు గేటు దగ్గరుంది.

గువ్వ బయటికి రాగానే ముందు మణికట్టు చూసింది.

"ఇంకా పాస్ కాలేదా?"

"ఇంకా లేదమ్మా."

"సర్లే, పద" అని చెయ్యి పట్టుకుంది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది గాని, యాజమాన్యం అలా ఊరుకుంటే వ్యవస్థ ఎలా నడుస్తుంది? నెల తిరిగేసరికి లైనులో అరవై ఒక్క మంది మీద బాణాలు తేలాయి. కొందరికి నడుం, కొందరికి తల, ఒకావిడకు గుండె మీద. మేడ మీదివాళ్ళు విచారణ జరిపించి, ఆడవాళ్ళకేమీ కాలేదని, స్టిక్కర్ల జిగురు మాత్రం అవసరానికి మించి గట్టిగా ఉందని తేల్చారు. వెంటనే కొత్త నియమాలు రెండు గోడకెక్కాయి. ఒకటి: ఎవరి బాణం వారు అంటించుకోరాదు; పక్కవారు చూసి, అడిగి, అంటించవలెను. రెండు: కింది స్థాయివారు పై స్థాయివారికి అంటించరాదు.

మొదటి నియమం వల్ల ఎవరికీ కష్టం కలగలేదు. టీ విరామంలో ఇప్పుడు నాలుగు వందల మంది ఒకరినొకరు, "ఏదీ, ఇటు తిరుగు" అంటున్నారు.

చిక్కు రెండోదానితోనే. లైనులో అందరికంటే పైన ఉన్నది లైనమ్మ. ఆవిడ పైవాళ్ళు మేడ దిగిరారు. మొన్న సోమవారం నుంచి ఆవిడ మళ్ళీ బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడుతోంది. చీకటమ్మ బాణాల చుట్ట వెనక దాచుకుని దగ్గరకు వెళ్ళింది.

"ఏంటే?"

"ఏం లేదు మేడం. మీరు... బాగానే ఉన్నారా?"

"నాకేమైంది? నిక్షేపంలా ఉన్నా. వెళ్ళు, చొక్కాలు పేరుకుపోతున్నాయి."

నియమం నియమమే కాబట్టి చీకటమ్మ వెనక్కి వచ్చేసింది.

అందుచేత, కంపెనీలో ఏ స్థాయిలోనూ లేనివారు, అంటే ఇది చదువుతున్నవారు, కాస్త వీలు చూసుకుని వెళ్ళి ఆవిడను ఒకసారి చూసి రావలసిందిగా మనవి. బాగానే ఉన్నానంటుంది, అక్కడితో వచ్చేయకండి, మొత్తం తిప్పి చూడండి. రిజిస్టరులో మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పేరు ఎదురుగా 'పాస్' అనే ఉంది.